ఎండుచేపల బండికి కొత్త మోటారు

పాలకొండ నుంచి సీతంపేట సంతకు ఎండుచేపలు మోసే మా కరెంటు బండి, కొండ మొదట్లోనే చతికిలబడేది. మా ఆయన హ్యాండిల్ పట్టుకుంటే, నేను దిగి వెనకనుంచి నెట్టేదాన్ని. రెండేళ్లు అదే పని. కొత్త బ్యాటరీ వేయించినా దాని బుద్ధి మారలేదు.

"బేటరీ ఏటి సేస్తాదమ్మా? మోటారుకే సత్తువ సాలదు," అన్నాడు మెకానిక్. పెద్ద మోటారు, దానికి తగ్గట్టు కరెంటు అందించే కంట్రోలరు బిగించాడు. నేను నమ్మలేదు. బ్యాటరీ మార్చినప్పుడూ ఇలాగే చెప్పారు.

సంతరోజు కొండ మొదలవగానే అలవాటుగా దిగబోయాను.

"కూకోవే!" అని మా ఆయన కసిరాడు.

మూటలతో సహా బండి ఎక్కేస్తోంది. చప్పుడే లేదు. పైనుంచి ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది. రెండు మలుపులు తిరిగేసరికి జీడితోటలు మా కాళ్ల కిందికి దిగిపోయాయి. లోయ నిండా పొగమంచు, దాని మీద లేత ఎండ.

"ఈ కొండ ఇంత బాగుంటాదా?" అన్నాను.

"రెండేల్లుగా వస్తన్నావు కదే, ఇయ్యాలే సూసినావేటి?"

"నెట్టినోల్లకి కొండెక్కడ కనబడతాది మావా? ఇన్నాల్లూ నాను సూసినదల్లా నీ ఎనక సక్రమే."