అలక మానేసిన బండి

కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు అతన్ని గడియారం అని పిలిచేవారు. చాటుగా కాదు, మొహం మీదే. అతని వ్యాను మలుపు తిరిగిందంటే పొయ్యి కట్టేసి చెప్పులు వేసుకోవడమే. టైము చూసుకునే పని లేదు. లారీ మీద క్లీనరుగా మొదలై, చాలాకాలం ఊరివాళ్ళ బండ్లు తోలి, చివరికి ఓ పాత పెట్రోలు వ్యాను సొంతం చేసుకున్న మనిషి. దానికి దొరికిన ఒకే ఒక్క బేరం ఈ ఫ్యాక్టరీ. పొద్దున హూటరు మోగేలోపు ఆడవాళ్ళను గేటు దగ్గర దింపాలి. మళ్ళీ ఆలస్యమైతే ఇంకో బండి చూసుకుంటామని సూపర్‌వైజరు ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పే రకం కాదు.

ఆలస్యమంతా ఒక బటన్ వల్ల వచ్చింది.

వ్యానులో ఎడమవైపు ముందు సీటు దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట, పక్క రేకుకు ఓ చిన్న డబ్బా బిగించి ఉండేది. అందులో అయస్కాంతం మీద ఉక్కు గుండు కూర్చుని ఉంటుంది. బండికి గట్టి దెబ్బ తగిలితే గుండు ఎగిరిపడుతుంది, డబ్బా నెత్తిన ఉన్న ఎర్ర బటన్ పైకి లేస్తుంది, పెట్రోలు పంపు ఆగిపోతుంది. గుద్దుకున్నప్పుడు గొట్టం పగిలినా పెట్రోలు బయటికి పోకుండా చేసిన ఏర్పాటు అది. బటన్ తిరిగి నొక్కితేగానీ బండి కదలదు.

ఈ వ్యానులో మాత్రం దానికి దెబ్బే అక్కర్లేదు, గుంత చాలు. గుంతలో చక్రం పడగానే ఇంజను చచ్చిపోయేది. ఆ సీటులో కూర్చునేది అతని మరదలు, కాజాలు కుట్టే మిషను మీద పనిచేసే పిల్ల. కాలి బొటనవేలితో టక్కున బటన్ నొక్కేసేది. ఆ డబ్బాకు అత్తగారని పేరు కూడా పెట్టింది.

"మీ అత్తగారు మళ్ళీ అలిగింది బావా."

"అలగక? నువ్వొచ్చి తన పక్కనే కూర్చుంటివి."

"మా అమ్మ అలిగితే కారణం ఉంటుంది. ఊరికే అలగదు."

వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. దిగి బండి కింద చూడాలని ఎవరికీ తోచేది కాదు. తోచినా, హూటరు ఆగుతుందా?

సూపర్‌వైజరు హెచ్చరించిన సాయంత్రమే గడియారం మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్ టార్చి వేసి, వేలితో రేకును కదిపి చూశాడు.

"స్విచ్ శుభ్రంగా ఉంది. దాన్ని బిగించిన రేకే ఊడొచ్చి ఊగుతోంది. రేపు మధ్యాహ్నం దాకా బండి వదిలెయ్, అతికించి పెడతా."

"మధ్యాహ్నం దాకానా? బండి బాగుచేస్తావా, నా పొట్ట కొడతావా?"

"ఎగిరినప్పుడల్లా దిగి, కింద తడి ఉందేమో చూసి, వాసన పట్టి, అప్పుడు నొక్కుతున్నారా?"

గడియారం వేరే వైపు చూశాడు. "రెండు వైర్లూ కలిపెయ్."

"కలిపితే ఇక అది ఉండీ లేనట్టే."

"నాలుగు రోజులు. తీరిక చేసుకుని నేనే తెస్తా. డబ్బా మాత్రం అక్కడే ఉంచు, మా మరదలివి డేగ కళ్ళు."

మెకానిక్ వైర్లు కలిపి టేపు చుట్టాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది.

మర్నాడు మొదటి గుంతలో చక్రం పడింది. ఇంజను ఆగలేదు. ఫ్యాక్టరీ దాకా ఎక్కడా ఆగలేదు.

"అత్తగారు మంచిదైపోయిందే! ఏం మందు పెట్టావు బావా?"

అతను నవ్వాడు. నవ్వు మొహం దాటి లోపలికి పోలేదు.

ఆ సాయంత్రం బండి కడుగుతూ వంగి చూశాడు. ఎర్ర బటన్ పైకి లేచి ఉంది. గుండు దాని పని అది చేస్తూనే ఉంది, వినేవాళ్ళే లేరు. నొక్కేశాడు. ఆ మర్నాడు సాయంత్రం చూస్తే మళ్ళీ లేచి ఉంది. ఇక రోజూ అదే తంతు. ఎవరూ చూడకుండా వంగడం, నొక్కడం, తలుపు వేయడం. తీరిక ఎప్పటికీ చిక్కలేదు. అన్నం ముందు కూర్చుని చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే భార్య కసిరింది.

"ఏంటండీ ఆ వాసన చూసుకోవడం? సబ్బు లేదా ఇంట్లో?"

"పెట్రోలు కంపు కొడుతోందా?"

"నాకేం రావట్లేదు."

అతనికి వస్తూనే ఉంది.

ఆ తర్వాత ఒక పొద్దున రైల్వే గేటు పడి బండ్లన్నీ ఆగాయి. రైలు వెళ్ళింది. గేటు లేవబోతుండగా వెనక లారీ ముందుకు జారి వ్యానును గుద్దింది. అన్నం డబ్బాలు దొర్లాయి. ఎవరో కెవ్వుమన్నారు. ఎవరికీ రక్తం రాలేదు. ఇంజను ఆగలేదు.

ఇంజను చప్పుడు వినగానే గడియారానికి ముందు కలిగింది సంతోషం. బండి నడుస్తోంది, టైము ఉంది. వెనక హారన్లు చెవులు చిల్లులు పెడుతున్నాయి. గేరు వేసి పట్టాలు దాటాడు.

"బావా, ఇంత దెబ్బకి కూడా అలగలేదేంటి?" మరదలు కిందికి వంగింది. లేచినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"బటన్ లేచే ఉంది బావా. మరి బండెలా నడుస్తోంది?"

ఆమె మళ్ళీ వంగి బటన్ నొక్కి, డబ్బా కింద తడిమింది. వెనక సీటులోంచి ఓ పెద్దావిడ అరిచింది. "ఒరేయ్ గడియారం, పెట్రోలు కంపురా, గుప్పుమంటోంది!"

పక్కనే మోటారుసైకిలు మీద ఒకతను వస్తూ చేత్తో రోడ్డు చూపిస్తున్నాడు. గడియారం అద్దంలో చూశాడు. పట్టాల దగ్గర నుంచి తమ వెంటే ఒక తడి గీత వస్తోంది. ముందు, రోడ్డు వారగా, వెల్డింగు షాపువాడు ఇనుప గేటు మీద వంగి ఉన్నాడు. రవ్వలు రోడ్డు మీదికి రాలుతున్నాయి.

తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఆగడానికి అది చోటు కాదు. వేగం మీదున్న బండిని బ్రేకు తొక్కకుండా వదిలేశాడు. అది ఆ ఊపుతోనే షాపు దాటి, కాస్త దూరంలో ఆగింది. మోటారుసైకిలతను వెనకే ఆగి వెల్డింగువాడి మీద గొంతు చించుకుంటున్నాడు. రవ్వలు ఆగాయి. వెల్డింగువాడు ముసుగు ఎత్తి, తన గుమ్మం ముందు నుంచే పోయిన తడి గీతను చూసి, కడ్డీ పట్టుకున్న చేతిని మెల్లగా ఒంటికి దగ్గరగా తీసుకున్నాడు.

"డబ్బాలొద్దు, ముందు దిగండే! దిగండి!" మరదలు తలుపు తీసి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లాగింది. అందరూ దూరంగా ఖాళీ స్థలంలోకి పరుగెత్తారు. బండి కింద ధార సన్నబడి చుక్కలైంది. దూరంగా హూటరు మోగింది.

మరదలు అతని దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"నేను నొక్కినా ఏమీ కాలేదు. కింద చెయ్యి పెడితే టేపు తగిలింది. ఎప్పటినుంచి?"

"నాలుగు రోజులనుకున్నా..."

"అనుకున్నది కాదు. ఎప్పటినుంచి?"

"సూపర్‌వైజరు అన్నప్పటినుంచి."

ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టబోయి మానేసింది. "నా కాలి దగ్గరే పెట్టుకుని, రోజూ నాతో పరాచికాలాడావు."

వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసి, కొంగు దులుపుకుని ఫ్యాక్టరీ వైపు నడక మొదలుపెట్టింది. ఒకరి వెనక ఒకరు కదిలారు.

"ఉండండి, ఇంకో బండి పిలుస్తా" అన్నాడు గడియారం.

"అక్కర్లేదు డ్రైవరుగారూ" అంది మరదలు. అక్క మొగుణ్ణి ఆమె అలా పిలవడం అదే మొదలు. నడిచి వెళ్ళిపోయింది.

రోడ్డు మీద వ్యానూ అతనూ మిగిలారు. వెనక నుంచి వెల్డింగువాడు కేకేశాడు.

"అన్నా, ఇక మొదలెట్టొచ్చా?"

అతను రోడ్డు చూశాడు. గీత ఇంకా ఆరలేదు.

"వద్దు" అన్నాడు. అతనికి వినపడిందో లేదోనని మళ్ళీ గట్టిగా అరిచాడు. "వద్దు! ఇంకా వద్దు!"