గూట్లోకి చేరిన నాడె

నా మగ్గం మీద ఒట్టు వేసి చెబుతున్నాను. నేతపని చేసే ఇంట్లో దీన్ని మించిన ఒట్టు లేదు. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి... నాకు మాత్రం ఇది చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాం. మా అన్న మగ్గం మీద కూర్చుంటే వీధి మొత్తానికి తెలిసేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆయన ఎడమ కాలు సన్నబడింది. కాస్త ఈడ్చి నడిచేవాడు. ఆ కాలితో తొక్కినప్పుడు మగ్గం ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది. టక్... టక్... కాసేపు ఆగి... టకా. ఇంకే మగ్గమూ అలా మోగదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నాడె అంటే తెలుసుగా, పోగును మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే కొయ్య. నేస్తూ నేస్తూ మధ్యలో లేచి మళ్లీ రావాలనుకుంటే, నాడెను బట్ట మీదే వదిలి లేస్తాం. ఇక రాము అనుకుంటే గోడ గూట్లో పెట్టి లేస్తాం. అన్న ఒకరోజు పొద్దున నాడెను బట్ట మీద పెట్టాడు. "టీ తాగొస్తా" అని లేచాడు. ఇంతవరకు రాలేదు.

ఏళ్లు గడిచాయి. పెనుకొండ బస్టాండు, హిందూపురం సంత, సోమందేపల్లి దగ్గర హైవే హోటళ్లు... ఫోటో చూపించి చూపించి ఆ ఫోటోయే అరిగిపోయింది. "ఇంక కర్మ చేసేద్దామమ్మా, ఎంతకాలమని చూస్తారు" అని మా పెద్దనాయన వచ్చినప్పుడల్లా అనేవాడు. మా వదిన ఒకటే మాట చెప్పేది.

"నాడె బట్ట మీదే ఉండాది కదా."

సగం నేసిన ఆ చీర మీద పాత లుంగీ కప్పి పెట్టింది. రోజూ తీసి దుమ్ము దులిపేది. నాడెను మాత్రం కదిలించేది కాదు. ఆమె చేతి గాజులు, నుదుటి బొట్టు, అన్నీ ఆ కొయ్య ముక్క మీదే నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్పెయిన్‌లో వాలెన్సియా అనే ఊరు. అవును, నేనే వెళ్లాను. మగ్గం నేసి చూపించడానికి ఇక్కడినుంచి కొందరిని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లారు. మా వెంట ఉండి అన్నీ చూసుకున్నది హిందూపురం రామాంజి. ఇంగ్లీషు వస్తుంది, మాటకారి. ఆ ఊరు ఒకప్పుడు పట్టు నేతకు పెట్టింది పేరట. మేం ఉండగానే ఒక రాత్రి మ్యూజియంలన్నీ బాగా పొద్దుపోయేదాకా తెరిచి ఉంచారు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది.

మొదట ఒకదాంట్లో పింగాణీ పళ్లాలు చూశాం. తర్వాత ఇంకోదాంట్లో క్రైస్తవ సాధువుల పటాలు. ఒంటినిండా గాయాలు... కళ్లన్నీ పైకే చూస్తున్నాయి. అక్కడ నాకు ఊపిరాడలేదు. చివరికి పట్టు మ్యూజియంకి వచ్చాం. అక్కడ మాత్రం పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది. పాత కొయ్య వాసన. పట్టు వాసన.

"మీది మీకు చూపించేదానికి ఇంత దూరం తీసుకొస్తిమి చూడక్కా" అని రామాంజి నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్లంతా కింద బట్టలు చూస్తూ ఉండిపోయారు. నేను మెట్లెక్కాను.

సగం మెట్ల మీద ఉండగా వినిపించింది.

టక్... టక్...

ఎవరో నేసి చూపిస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఇంకో మెట్టు ఎక్కాను.

...టకా.

కాళ్లు ఆగిపోయాయి. మళ్లీ విన్నాను. టక్... టక్... ఆ ఆగడం... ఆ ఆగడం నాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ తెలుసు. పరిగెత్తాను.

పెద్ద గది. ఒకే ఒక్క దీపం. మధ్యలో ఎత్తైన మగ్గం, చుట్టూ ఎవరూ ముట్టుకోకుండా తాడు కట్టి ఉంది. నేను గడప దాటగానే చప్పుడు ఆగింది.

ఎవరూ లేరు.

కానీ పోగులు... పోగులు ఇంకా వణుకుతున్నాయి. దెబ్బ పడ్డాక కాసేపు అలా వణుకుతాయి. నేసేవాళ్లకు తెలుస్తుంది. నేను తాడు కిందనుంచి దూరాను. తప్పని తెలుసు, అయినా దూరాను. ఒకచోట తెగిన పోగు అతికి ఉంది. పట్టు జారకుండా మేం వేలికి బూడిద అద్దుకుని అతుకుతాం. అక్కడ బూడిద మరక ఉంది. ముట్టుకుంటే... వేలికి అంటింది.

బట్ట మీద నాడె ఉంది.

మళ్లీ వస్తానని పెట్టినట్టు... అచ్చం అలాగే.

"అన్నా" అన్నాను. "అన్నా... ఈడుండావా?"

కింద జనం మాటలు కూడా వినిపించడం లేదు. ఎంతసేపో తెలియదు... అప్పుడు కూర్చునే బల్ల కిర్రుమంది. మెల్లగా. చాలాసేపు కూర్చున్న మనిషి లేచినప్పుడు కిర్రుమంటుందే... అలాగ. తర్వాత చెక్క నేల మీద ఒక అడుగు. ఇంకో కాలు ఈడ్చిన చప్పుడు. ఒక అడుగు... ఈడ్పు. నా పక్కనుంచే వెళ్లింది. నా చెంగు కదిలింది. నాకు చెయ్యి ఎత్తి పట్టుకోవాలని ఉంది. చెయ్యి లేవలేదు. ఈ జన్మలో నన్ను నేను క్షమించుకోలేనిది ఏదైనా ఉంటే ఆ చెయ్యే.

మెట్ల వైపు తిరిగి చూశాను. ఖాళీ.

మళ్లీ మగ్గం వైపు చూశాను... బట్ట మీద నాడె లేదు.

గోడలో గూడు ఉంది. దానికి అద్దం తలుపు, తాళం. నాడె దాని లోపల ఉంది.

అంతలో లైట్లన్నీ వెలిగాయి. కాపలా పెద్దావిడ గట్టిగా ఏదో అంటూ వచ్చింది. వెనకే రామాంజి.

"ఏమక్కా, యాడికి పోతివి? కిందంతా వెతుకుతాండా. ఏడుస్తాండావా?"

ఆమెను అడగమన్నాను. ఫోన్‌లో వాళ్ల భాషలోకి మార్చి అడిగాడు. ఆ మగ్గం ఎవరూ నేయరట. ముట్టుకుంటే పోగులు తెగిపోతాయట. నాడె ఎప్పటినుంచో ఆ అద్దాల గూట్లోనే ఉందట. చప్పుడంటారా, కింద గోడ మీద మగ్గం వీడియో నడుస్తుందట, అదే అయ్యుంటుందట.

"అలిసిపోయిండావక్కా. పా పోదాం" అన్నాడు రామాంజి. పోతూ పోతూ ఆ వీడియో నిలబడి చూశాను. అందులో మగ్గం ఎక్కడా ఆగకుండా మోగుతోంది.

బెంగళూరులో దిగి ధర్మవరం వచ్చేదాకా ఒకటే ఆలోచన. వదినకు ఏం చెప్పాలి? బట్ట మీద చూశాను అని చెప్పనా? గూట్లో చూశాను అని చెప్పనా? ఇంట్లో అడుగు పెట్టి మొదట మగ్గం వైపే చూశాను. లుంగీ కప్పి లేదు. బట్ట మీద నాడె లేదు. గూట్లో ఉంది.

"ఎవరు తీసిరి వదినా?"

"నేనే తీస్తి." ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "మీ పెద్దనాయనకి కర్మ పెట్టుకోమని చెప్తి. ఇంక నాకు చాతకాదు సుజాతా. ఎదురుచూసేదానికి కూడా సత్తువ కావల్ల."

"ఎప్పుడు తీస్తివి?"

"మొన్న శనివారం పోయి ఆదివారం తెల్లారుజామున. ఎందుకో మెలకువ వచ్చింది. లేచి పోయి తీసేస్తి."

మ్యూజియంలు తెరిచి పెట్టింది శనివారం రాత్రి. అక్కడ నడిరాత్రి అంటే ఇక్కడ తెల్లవారుజాము.

నేనేమీ చెప్పలేదు. కర్మ రోజు ఆమె గాజులు తీసేటప్పుడు చెయ్యి నేనే పట్టుకున్నాను. అప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి అన్న ప్రాణం పోయింది కాబట్టి ఆమెకు మెలకువ వచ్చిందా? లేక... అన్నేళ్లుగా ఎక్కడో కూర్చుని నేస్తూనే ఉన్నవాడు, ఆమె నాడె తీసింది కాబట్టి లేచి వెళ్లిపోయాడా? ఈ రెండో మాట ఆమెకు ఎట్లా చెప్పను?

అన్న మగ్గం అమ్మేశారు. నాడె నేను ఉంచుకున్నాను. గూట్లో పెట్టడానికి చెయ్యి రాదు. బట్ట మీద పెట్టాలంటే భయం. రాత్రి చాలాసార్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంటాను.