సంగటి కెలికేంత సేపు

మా అమ్మ కొప్పులో ఒక ఇనుప చీల ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. తలకు పోసుకునే రోజున దాన్ని పళ్ల మధ్య కరిచి పట్టుకునేది. నీళ్లు మరీ వేడిగా పోశానని నన్ను తిట్టాలన్నా నోరు తెరవడానికి లేదు కాబట్టి కళ్లతోనే తిట్టేది. జుట్టు ఆరగానే చీల మళ్లీ కొప్పులోకి వెళ్లిపోయేది. నేను ధర్మపురిలో ఒక ఆసుపత్రిలో, ఎం.ఆర్.ఐ. గదిలో పనిచేస్తాను. ఇనుము పేరు చెబితేనే ఉలిక్కిపడే ఉద్యోగం. అలాంటిదాన్ని, రోజూ ఆ చీల ఉన్న తల పక్కనే కూర్చుని అన్నం తినేదాన్ని.

ఆ చీల పెట్టింది మా అవ్వ. అమ్మకు ఒక చెల్లెలు ఉండేది. ఇద్దరూ తుంబలహళ్లి డ్యాము దగ్గర పెరిగారు. ఏం కావాలన్నా వెనక నుంచి వచ్చి అక్క జడ పట్టి లాగడం మా చిన్నమ్మకు అలవాటట. ఒక రోజు బట్టలు ఉతకడానికి ఇద్దరూ డ్యాముకు వెళ్లారు. అమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు, పొద్దు వాలితే చాలు, తడి పావడాతో చెల్లెలు వాకిట్లో నిలబడి కనిపించేదట. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. అప్పుడు అవ్వ గడపకు కొట్టి ఉన్న చీలను పీకి, పెద్దకూతురి జడలో గుచ్చి, "ఇంక రాదు పో" అంది. నిజంగానే రాలేదు. అమ్మ పెళ్లయి సోగత్తూరుకు వచ్చింది, నన్ను కన్నది, మా నాన్నను సాగనంపింది. చీలను మాత్రం వదల్లేదు.

పోయిన వేసవిలో ఒక పొద్దున అమ్మ పొయ్యి దగ్గర రాగి సంగటి కెలుకుతుంటే తెడ్డు జారి కింద పడింది. తీయబోతే కుడి చేయి లేవలేదు. నన్ను పిలిచింది గాని ఆ పిలుపులో నా పేరు నాకే తెలియలేదు. నాలుక మడతపడిపోయింది. నేను డ్యూటీకి వెళ్లడానికి పిలిచిన ఆటోలోనే అమ్మను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. సీటీ తీస్తే ఏమీ కనబడలేదు. మా ఎం.ఆర్.ఐ. మిషనులో తీసే డిఫ్యూజన్ స్కాన్ చూస్తేగాని చెప్పలేనన్నారు డాక్టరు. గడ్డను కరిగించే మందు ఒకటుంది, అది వేళ దాటితే పనికిరాదు. కదలకుండా ఉండేందుకు మత్తు ఇచ్చి పడుకోబెడదామంటే, ఆమె పరిస్థితి ఎలా ఉందో తెలియకుండా పోతుందని ఆయన ఒప్పుకోలేదు.

మెదడులో నీళ్లు ఊరికే ఉండవు. అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. రక్తం అందని చోట కణాలు ఉబ్బిపోయి, ఆ నీళ్లకు దారి లేక అక్కడికక్కడే చిక్కుకుంటాయి. డిఫ్యూజన్ స్కాన్ చూసేది ఈ కదలికనే. నీళ్లు నిలిచిపోయిన చోటు బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అయినా చెప్పిన ప్రతిసారీ తుంబలహళ్లి నీళ్లు గుర్తొస్తాయి. డ్యాము తూము మూసేసి, కాలువలో నీళ్లు నిలిచాకే చిన్నమ్మ దొరికిందని అవ్వ చెప్పేది.

బట్టలు మార్చే గదిలో ముందు చీలనే తీశాను. కమ్మలు, గాజులు ఉంచిన ట్రేలోనే దాన్నీ పెట్టి, అమ్మ ఒంటి మీద ఇనుమును పసిగట్టే డిటెక్టరు తిప్పి చూసి, ఇనుము లేని చక్రాల కుర్చీ తేవడానికి బయటికి వెళ్లాను. ఆ కాస్త సందులో అమ్మ ఎడమ చేత్తోనే చీలను మళ్లీ కొప్పులో దోపుకుంది. కుడి చేయి చచ్చుబడినా మొండితనం మాత్రం చచ్చుబడలేదు మా అమ్మకు.

ఆ అయస్కాంతానికి ఆపడమనేది ఉండదు, రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. వెనక్కి తిప్పి లాగుతున్న కుర్చీ గుమ్మం దాటి నాలుగడుగులు లోపలికి పోయిందో లేదో, అమ్మ తల వెనక్కి వంగింది. కొప్పును ఎవరో పట్టి లాగినట్టు జుట్టంతా బిగుసుకుంది. అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"వచ్చినాది! జడ పట్టినాది పాపా, జడ పట్టినాది!"

నేను కుర్చీని ఒక్క ఊపున బయటికి తోసేశాను. బయటపడ్డాక కొప్పు విప్పితే చీల నా చేతికి తగిలింది. నిన్ను లాగింది మిషనమ్మా, ఈ ఇనుమును లాగింది అని చూపించాను. నాకు అంతా తెలుసు. ఎందుకు లాగిందో పుస్తకం చూడకుండా చెప్పగలను. అయినా తల తిప్పి ఆ ఖాళీ గదిలోకి ఒకసారి చూశాను. ఆ కేక పెట్టినప్పుడు అమ్మ నాలుక తిన్నగా తిరిగింది మరి. పొద్దుటి నుంచి ఆమె నోట స్పష్టంగా వచ్చిన మాటలు అవే.

ఇంక లోపలికి రానంది. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఊగే తలకు బొమ్మ తీస్తే చెదిరిపోయి ఏమీ తెలియదు. గోడ మీద గడియారం చూస్తే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"చచ్చిపోయిందాని కోసరం నువ్వూ చస్తావా?" అని అరిచాను.

అమ్మ నా వైపు చూసి, ముద్దముద్దగా అడిగింది. "ఎంతసేపు... చీల లేకుండా?"

మామూలుగా అయితే వంటంతా ముగిసేంత సేపు. కానీ ఆ మధ్యే మా మిషనులో కొత్త పద్ధతి పెట్టారు. ఇదివరకు మెదడును ఒక్కో పొరే, ఒకదాని తర్వాత ఒకటి తీసేవాళ్లం. ఇప్పుడు ఒకే దెబ్బకు నాలుగైదు పొరలు తీసి, కలిసిపోయిన వాటిని కంప్యూటరు విడదీస్తుంది. అమ్మకు ఇదంతా ఎక్కడ చెప్పేది?

"సంగటి కెలికేంత సేపు. అంతే."

"సీక్రం ముగుస్తాదా?"

"ముగుస్తాది మా. నీ చీల నేను పట్టుకొని తలుపు కాడే నిలబడుకొంటాను. నన్ను దాటుకొని అది ఎట్ల వస్తాది?"

అమ్మ కళ్లు మూసుకుంది. నాతో పనిచేసే అతను లోపల పడుకోబెట్టి వచ్చి మిషనును నడిపే కన్సోలు ముందు కూర్చున్నాడు. నేను తలుపు పక్కనున్న అద్దం ఇవతల చీలను పిడికిట్లో బిగించి నిలబడ్డాను. మిషను రొద మొదలైంది. అమ్మ తల కదల్లేదు. ఎడమ చేయి మాత్రం పొట్ట మీద గుండ్రంగా తిరుగుతోంది. సంగటి కెలుకుతోంది.

బొమ్మలు వచ్చాయి. ఎడమ వైపున చిక్కుడు గింజంత తెల్లటి మచ్చ. నీళ్లు నిలిచిన చోటు. వెంటనే డాక్టరుకు ఫోను చేశాం, మందు వేళకు ఎక్కించారు. అమ్మ బతికింది. ఆ సంతోషంలో ఆ సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని కొత్త పద్ధతిని ఆకాశానికెత్తేశాను. చూశావా, ఎంత సీక్రం అయిపోయిందో అన్నాను. చీలను తీసి కొప్పులో పెట్టబోయాను.

అమ్మ నా చేతిని పక్కకు నెట్టింది.

"వద్దు. అది వచ్చి పోయినాది."

"ఎవురు?"

"నా చెల్లి. పక్కన వచ్చి పండుకొనింది. ఏమీ చెయ్యలేదు పాపా. చెయ్యి పట్టుకొనింది, అంతే. ఇన్ని ఏండ్లు దాన్ని వాకిట్లోనే నిలబెట్టేస్తిని." నా వైపు తిరిగి అడిగింది, "ఏమిటికి అంత బిరబిరా ముగించేస్తిరి?"

ఆమెను బతికించింది ఆ బిరబిరే. చీల నా సంచిలోనే ఉండిపోయింది.

కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీయమన్నారు. అమ్మ మాట చాలావరకు తిరిగి వచ్చింది, కుడి చేయి మాత్రం పూర్తిగా రాలేదు. ఈసారి బట్టలు మార్చుకునేటప్పుడు పేచీ లేదు. కొప్పు విప్పి తనే చూపించింది. బల్ల మీద పడుకోబెట్టి, తల చుట్టూ పంజరం లాంటి కాయిల్ బిగించి నేను బయటికి రాబోతుంటే నా చీర కొంగు పట్టుకుంది.

"ఈ తూరి నిదానంగా పోయేది పెట్టు పాపా. సంగటి అయిపోయినా దించొద్దు."

కన్సోలు ముందు కూర్చుని అద్దంలోంచి చూశాను. బిగించిన తలను కదిలించకుండా అమ్మ ఒళ్లు మాత్రం మెల్లగా జరుపుకుంటోంది. ఆ సన్నటి బల్ల మీద ఒక వారకు ఒదిగి, కుడి పక్కన ఇంకొకరు పట్టేంత చోటు వదిలి, రాని చేతిని ఎడమ చేత్తో ఎత్తి అక్కడ పెట్టుకుంది, అరచేయి పైకి. డాక్టరు అడిగింది చిన్న స్కానే. నేను పాతది, పొడుగుది పెట్టాను.