బఠాణీల గోదాములో చలి పరీక్ష

నేను అబద్ధాలు చెప్పను. జరిగినదాన్ని కాస్త ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి చెబుతాను, అంతే. మేం ఢిల్లీ వదిలి, భూమికి అటకలాంటి ఈ కెనడా ఉత్తరపు ఊరికి కాపురం మార్చడానికి కారణం ఒక బఠాణీల గోదాము. ఇది మాత్రం ఇస్త్రీ చేయని ముక్క.

మా ఆవిడ ఢిల్లీలో నర్సు. నైట్ డ్యూటీలు చేస్తూనే ఏళ్ళ తరబడి చదివి, అడిగిన పరీక్షలన్నీ పాసైంది. ఆఖరికి ఈ ఊరి ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగానికి రమ్మని మెయిల్ పంపారు. సోమవారంలోగా జవాబివ్వాలి. నేను అప్పటికే మా ఆఫీసులో ముందస్తు రిటైర్మెంటు గురించి వాకబు చేసేశాను. ఆవిడేమో మెయిల్ తెరుస్తుంది, చదువుతుంది, ఫోను బోర్లా పెట్టేస్తుంది. అన్నేళ్ళ కష్టం చేజారిపోతుందేమోనని నాకు అన్నం సహించేది కాదు.

కారణం నాకు తెలుసనుకున్నాను. చలి! మాది గుంటూరు వైపు. మా ఆవిడ మే నెలలో కూడా ఫ్యానుకు ఎడంగా పడుకునే మనిషి. నాకు చలి లెక్కలేదు. ఒక జనవరిలో ఢిల్లీలో మేముండే ద్వారక పేటలో పట్టిన పొగమంచుకి దారి తెలియక వేరే ఆఫీసులోకి పోయి, సాయంత్రం దాకా పనిచేసి, అక్కడి బాసు చేత శభాష్ అనిపించుకుని మరీ వచ్చాను.

ముందు ఆవిడకి ధైర్యం రావాలంటే మంచి కోటు ఉండాలని సరోజినీ నగర్ మార్కెట్‌కి తీసుకెళ్ళాను. జూన్ నెల. తారు చెప్పులకి అంటుకుంటోంది. మంచులో వేసుకునే కోట్లు కావాలంటే కొట్టతను నా వంక జాలిగా చూశాడు.

“భయ్యా, ఎండదెబ్బ తగిలిందా?”

చివరికి అటకెక్కి మూట దింపాడు. మా ఆవిడ చెమటలు కక్కుతూ కోటు తొడుక్కుని, “దీన్ని ఇప్పుడు మేం తప్ప ఎవరు కొంటారు భయ్యా?” అని బేరమాడి, మా ఇద్దరికీ చెరొకటి తీసుకుంది. కోటు కొన్నది. మెయిల్‌కి మాత్రం జవాబివ్వలేదు.

మా పై అంతస్తులో ఒక పంజాబీ అంకుల్ ఉండేవాడు. నా కథలకి ఆయనే పెద్ద గిరాకీ. సంగతి విని, “దీనికింత ఆలోచన దేనికి బేటా? ఢిల్లీ పొలిమేర దాటగానే, కుండ్లీ దగ్గర మా బావమరిదికి గోదాముంది. బఠాణీలు గడ్డకట్టించి దాస్తారు. లోపల అచ్చం కెనడాయే. తలుపు తీస్తే వీసా కూడా అడగరు,” అన్నాడు.

శనివారం ఆయన కార్లోనే బయల్దేరాం. బయట నిప్పులు. ఒళ్ళో కోట్లు, కోతి టోపీలు. గోదాము ముందు మేం ఆ వేషం కట్టుకుంటుంటే లారీ డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని మా చుట్టూ మూగారు. మేనేజరు పెద్ద తలుపు తెరిచి, “ఎక్కువసేపు వద్దు భాభీజీ,” అని లోపలికి పంపాడు.

చలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా నిలబడ్డాయి. మా ఆవిడ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. విచిత్రం ఏమిటంటే, చుట్టూ చూడదు, నన్నే చూస్తుంది. లోపల బస్తాలు సర్దుతున్న నలుగురు హమాలీలు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు. అలా నవ్వే మొహాలు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. పళ్ళు టకటకలాడుతున్నా నా వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాను.

“ఇదేం చలి భయ్యా! మా ఊరి ఎండ చూడాలి మీరు. మధ్యాహ్నమైతే నా నీడ నన్ను నడిరోడ్డు మీద వదిలేసి పోయి, అరుగు కింద దూరి పడుకునేది. సాయంత్రం లేపి ఇంటికి తెచ్చుకునేవాణ్ణి.”

బస్తాలు ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దాయన బీహారువాడు. మఫ్లరు కిందికి లాగి, “మీ నీడ నయం సార్, ఊళ్ళోనే ఉంది. మా ఊరి నీడలన్నీ పనికోసం ఢిల్లీ వచ్చేశాయి,” అన్నాడు. నలుగురూ ఒకటే నవ్వు. నోళ్ళలోంచి ఆవిర్లు. ఇంకొకతను తన నీడకి ఇంకా జీతం పెంచలేదన్నాడు. మేనేజరొచ్చి పని పాడవుతోందని కేకలేస్తే తప్ప కథ తెగలేదు. బయటికొచ్చేసరికి నా మీసం తెల్లబడి ఉంది.

లారీల నీడలో నిలబడి మా ఆవిడ ఫోను తీసింది. ఏదో టైపు చేసి పంపేసింది.

“ఏం పంపావే?”

“వస్తున్నామని.”

“చూశావా! చలికి తట్టుకున్నావు!”

“చలి గొడవ నాకెందుకండీ? హీటర్లుంటాయి. నా బెంగంతా మీ గురించి. అక్కడ గుప్పెడు జనం, మన భాష రాదు. వినేవాళ్ళు లేక మీరు మూగబోతే ఆ ఇంట్లో నేనెలా ఉంటాను? ఇందాక చూశాగా. గడ్డకట్టుకుపోతూ కూడా నలుగురి పని చెడగొట్టారు. ఇక ఎక్కడైనా బతుకుతారు.”

ఎంతోమంది చేత కోతలరాయుడని తిట్టించుకున్న నోరిది. ఆవిడ కూడా రోజుకొకసారైనా “ఇక ఆపండి” అనేది. ఆ నోరు ఆగిపోతుందేమోనని తన ఉద్యోగాన్నే వదులుకోబోయిందని తెలిశాక, కోటు విప్పి మడతపెట్టుకుని కారెక్కాను. ముందు సీట్లో అంకుల్ ఒకటికి రెండుసార్లు, “చెప్పు బేటా, లోపలేమైంది?” అన్నాడు. వెనక సీట్లో ఆవిడ పక్కన, ఒళ్ళో కోటు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ నలుగురికీ సరిగా దండం కూడా పెట్టి రాలేదే అనుకున్నాను. ఆ దండం ఈ పూటకీ బాకీయే.

ద్వారక దగ్గరపడుతుండగా మా ఆవిడ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

“ఏవండీ, ఏదో ఒకటి మాట్లాడండి. పోనీ, రావట్లేదని మళ్ళీ మెయిల్ పెట్టమంటారా?”

వెంటనే ఒక కథ అందుకున్నాను.