అక్క ల్యాప్‌టాప్‌తో డబుల్ డ్యూటీ

ముందే చెబుతున్నాను, నేను గోరంత సంగతిని గుట్టంత చేసి చెప్పే రకం. ఆ రోజుల్లో, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతటికీ ఒకటే ల్యాప్‌టాప్ (ఇంకోటి కూడా ఉండేదేమో, దాన్ని లెక్కలోకి తీసుకోను). అది మా అక్కది. ఆమె ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టంతా అందులోనే ఉండేది. ఇంటర్ చదివే నాకేమో కార్ల పందెం ఆట పిచ్చి. ఆ ల్యాప్‌టాప్‌లో నా కారు ఎడ్లబండిలా నడిచేది. బొమ్మలు చూపించే చిప్పుకి వేగం పెంచితే దూసుకుపోతుందని నెట్‌లో చదివి, ఓ ఎండాకాలం మధ్యాహ్నం పెంచేశాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. ఆ చిప్పు విడిగా ఉండదనీ, అది మాడితే బోర్డంతా మాడినట్టేననీ అదే పేజీలో కింద రాసి ఉందట. నేను కిందిదాకా చదవలేదు.

కారు విమానమైంది, ల్యాప్‌టాప్ పొయ్యి అయింది. బొగ్గుదుమ్ము మేసి మేసి లోపలి ఫ్యాను ఎప్పుడో పూడుకుపోయింది మరి. అడుగున జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. తెలివిగా తీసుకెళ్లి కూలర్ ముందు పెట్టాను (మా దగ్గర చుట్టాలొచ్చినా అక్కడే కూర్చోబెడతాం). కూలర్ గాలితోపాటు నాలుగు చుక్కల నీళ్లూ చల్లింది. తెర మీద ఆకుపచ్చ గీతలు లేచాయి, గోదావరి వంతెన దాకా పొగ కమ్మింది, ల్యాప్‌టాప్ కన్ను మూసింది.

"ఏం జేసినవ్‌రా దాన్ని?" అక్క ఉరికొచ్చింది. "రేపు పొద్దున ప్రాజెక్టు ఇయ్యాలె, అండ్లనే ఉన్నది మొత్తం!"

"జర స్పీడు పెంచిన అక్కా..."

"నీ స్పీడు మన్నువడ! నా ఏడాదంతా పాయె గదరా!"

అప్పుడే గనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన బాపు (మా నాన్నని అలాగే పిలుస్తాం), అంతా విని నా వైపు చూశాడు. "అంటే, దానితోని డబుల్ డ్యూటీ చేయించినవ్."

"ఊఁ."

"గాలాడకుంట."

"ఊఁ."

"జరుగుండ్రి. బొగ్గుబాయిల మనిషి సొమ్మసిల్లితే గిట్ల మీదవడి లొల్లి చేస్తరా? ఇన్ని నీళ్లు తాపుదమా దీనికి?"

"బాపూ, నువ్వు గూడా!" అంటూ అక్క బ్యాటరీ ఊడదీసి, ల్యాప్‌టాప్‌ని బోర్లించింది. బాపు భుజం మీది తువ్వాల తీసి, అన్నం కూడా తినకుండా, ల్యాప్‌టాప్‌కి విసురుతూ కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకి అక్క మళ్లీ బ్యాటరీ పెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది. ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేదాకా ముగ్గురం ఊపిరి పీల్చలేదు. ఒక ఆకుపచ్చ గీత మాత్రం ఆ తెర మీద ఉండిపోయింది, చివరిదాకా.

ఇప్పటికీ నా ల్యాప్‌టాప్ వేడెక్కితే చెయ్యి తువ్వాల కోసం తడుముతుంది. ఇంతకీ కల్పించిందేదో చెప్పాలిగా. పొగ అనుకుంటున్నారేమో, కాస్తయినా వచ్చింది. బాపు విసిరింది ల్యాప్‌టాప్‌కి కాదు. గోడకానుకుని, చెమటలో తడిసి, వెక్కుతున్న నాకు.