నలుగురిలోకి కట్టే చీర

సంతలో బట్టలు పరిచి అమ్మేవాళ్ళకు రామాంజినమ్మ అంటే హడలు. చీర చేతికి రాగానే ముక్కు దగ్గర పెట్టుకుని గంజి ఎంత పట్టించారో వాసన చూసేది. తర్వాత బొటనవేలు తడుపుకుని అంచు మీద రుద్దేది. రంగు వేలికి అంటిందా, చీర అక్కడే పడేసి లేచేది. "ఏమప్పా, ఇది చీరనా, దోమతెరనా?" అని ఆమె అడిగితే, పక్కన బేరమాడుతున్న ఆడవాళ్ళు కూడా చేతిలోని గుడ్డ కింద పెట్టేసేవాళ్ళు. అలాగని ఆమె పిసినారి అనుకుంటే పొరపాటు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఆమెకొక లెక్క ఉండేది.

విడపనకల్లు దగ్గరి ఒక పల్లెలో ఆమె కాపురం. మొగుడు రామప్ప నోట్లో నాలుక లేని మనిషి. నాలుగెకరాల మెట్ట, ఒక్కగానొక్క కూతురు పుష్పావతి. చేనికి పోయేటప్పుడు రామాంజినమ్మ చిరిగిన చీర కట్టి, దాని మీద మొగుడి పాత చొక్కా తొడుక్కునేది. ఇంట్లో కట్టుకునే చీరకు ఎన్ని అతుకులున్నా ఆమెకు పట్టేది కాదు. పుష్పావతి లంగాలకు కింద నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిపించి కుట్టించి, పిల్ల ఎదిగే కొద్దీ ఏడాదికో మడత విప్పేది. కానీ నలుగురిలోకి పోవాల్సి వస్తే మాత్రం కథ వేరు. పెళ్ళికో, పేరంటానికో, బస్సెక్కి ఊరికో పోతే, తల్లీకూతుళ్ళ ఒంటి మీద ఊళ్ళో ఎవరికీ లేని బట్ట ఉండాల్సిందే. అందుకోసం ఆర్నెల్లు కూరలో నూనె తగ్గించినా సరే.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. కొత్త కోడలుగా ఉన్నప్పుడు బళ్ళారి పక్కన మేనమామ కూతురి పెళ్ళికి, ఉన్నవాటిలో మంచిదని ఒక వెలిసిన చీర కట్టుకుని పోయింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె ఆమెను చూసి, కూలికి పిలిపించిన మనిషి అనుకుని, "ఏమ్మే, నిలబడినావేమి? ఆ గంగాళాలు తోమేది ఎవురు?" అని కసిరింది. నేను పెళ్ళికూతురికి వదినెను అని చెప్పడానికి రామాంజినమ్మకు నోరు రాలేదు. పెరట్లోకి పోయి గంగాళాలు తోమింది. మేనమామ వచ్చి చూసి నెత్తి కొట్టుకునేసరికి సగం గిన్నెలు అయిపోయాయి. ఆ సంగతి రామప్పకు తప్ప ఆమె ఇంకెవరికీ చెప్పలేదు.

రెండు వేల రెండులో పుష్పావతి మంచి మార్కులతో ఇంటర్ పాసైంది. అప్పటికి మూడేళ్ళుగా వాన లేదు. చేనులో వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. అలాంటి రోజుల్లో బెంగళూరు వాళ్ళ సంఘమొకటి, కరువు పల్లెల్లోని పేదపిల్లలకు నర్సు చదువు, హాస్టలు, భోజనం అన్నీ ఉచితంగా ఇస్తామని దరఖాస్తులు పిలిచింది. పుష్పావతికి ఉత్తరం వచ్చింది. తల్లినో తండ్రినో తోడు తీసుకుని ఫలానా తేదీన అనంతపురానికి రమ్మన్నారు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు నర్సు కావాలని ఒకటే కోరిక. ఈ సీటు రాకపోతే చదువు అక్కడితో సరి అని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

పక్కింటి రూతు కూతురు అంతకు ముందు ఏడే అదే సంఘం సాయంతో నర్సు చదువుకు పోయింది. ఉత్తరం సంగతి విని రూతు సంతోషంగా వచ్చింది.

"అక్కా, కొత్తవి గిత్తవి ఏమీ కొనొద్దండి. ఇంట్లో ఎట్లుండారో అట్లే పోండి," అంది.

రామాంజినమ్మకు ఒళ్ళు మండింది. "అట్లే అంటే? బిచ్చానికి పొయినట్ల పోవల్లనా? నా బిడ్డ సీటు అడిగేకి పోతాండాది, అడుక్కునేకి కాదు."

"నీ మంచికే చెప్తాండాను గదక్కా."

"నా మంచి నాకు తెలుసులే."

రూతు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. అసూయతో అంటోందని రామాంజినమ్మ అనుకుంది. అసూయ ఎందుకుంటుంది, తన కూతురికి సీటు వచ్చాక? ఆ మాట ఆమెకు తట్టలేదు. కోపం వచ్చిన మనిషికి ఏం తడుతుంది?

ఇంట్లో మిగిలినవి రెండు మేకలు. వాటిని అమ్మేసింది. "ఇంత అవసరమా?" అని రామప్ప ఒక్కసారి అడిగి, ఆమె చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు. ఉరవకొండకు పోయి పుష్పావతికి అద్దాల పనితనమున్న చుడీదారు, కొత్త చెప్పులు, తనకు సన్నని జరీ అంచు ధర్మవరం పట్టుచీర కొంది. జీవితంలో మొదటిసారి రంగు చూడలేదు, గంజి చూడలేదు. అంగట్లో అన్నిటికంటే మంచిది ఏదో అది ఇమ్మంది.

అనంతపురం పోయిన రోజు బస్సులో కండక్టరు "కూచోండమ్మా" అని చోటు చూపించాడు. రామాంజినమ్మ కూతురి వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేసింది. సంఘం ఆఫీసు వరండాలో ముప్పై మంది దాకా పిల్లలు, తల్లులు ఉన్నారు. వెలిసిన చీరలు, పిన్నీసులు పెట్టిన జాకెట్లు. వాళ్ళను చూసి రామాంజినమ్మ జాలిపడింది. పాపం, వీళ్ళకేం వస్తుంది సీటు, అనుకుంది.

లోపల కుర్చీలో నడివయసు మేడమ్ ఒకావిడ, మామూలు నూలుచీరలో కూర్చుని ఉంది. పుష్పావతి మార్కులు చూసి మెచ్చుకుంది. రెండు ప్రశ్నలడిగింది. పిల్ల చక్కగా చెప్పింది. తర్వాత మేడమ్ తల్లి వైపు తిరిగి నవ్వుతూ అడిగింది.

"చీర చాలా బాగుందమ్మా. ఎక్కడ తీసుకున్నారు?"

అంతటి మనిషి తన చీరను మెచ్చుకోవడం రామాంజినమ్మ బతుకులో అదే మొదలు. ముఖం చాటంతైంది. "ధర్మవరం పట్టమ్మా. మేము కొంటే మంచివే కొంటాము."

"పంటలు బాగున్నాయా మరి?"

ఊరికి కొత్తవాళ్ళెవరైనా ఇలా అడిగితే మర్యాదస్తులు ఏం చెబుతారో రామాంజినమ్మ కూడా అదే చెప్పింది. "దేవుని దయవల్ల జరుగుబాటుకు ఏం కొదవ లేదమ్మా."

మేడమ్ తల ఊపి కాగితం మీద ఏదో రాసుకుంది. దరఖాస్తు మీద వేలిముద్ర వేయాలంటే రామాంజినమ్మ పక్కగదికి పోయి వచ్చింది. తిరుగు బస్సులో, సీటు వచ్చినట్టే అని కూతురికి పదిసార్లు చెప్పింది.

నెల తర్వాత పేర్లు వచ్చాయి. పుష్పావతి పేరు లేదు. ఆమె కంటే తక్కువ మార్కుల వాళ్ళవి ఉన్నాయి. ఆ కబురు రూతు చేనుగట్టు మీదికి వచ్చి చెప్పింది. రామాంజినమ్మ చేతిలోని కంప అక్కడే పడేసి, ఇంటికి కూడా పోకుండా రోడ్డు మీదికి నడిచింది. బస్సు డబ్బులు రూతే ఇచ్చింది. అతుకుల చీర, దాని మీద మొగుడి చొక్కా, కాళ్ళకు దుమ్ము. అలాగే మధ్యాహ్నానికి అనంతపురంలో దిగింది.

మేడమ్ మొదట గుర్తుపట్టలేదు. కూతురి పేరు చెబితే ఆమెను కిందికీ పైకీ చూసింది. కోపంగా కాదు, బాధగా చూసింది.

"సీటు కోసం ఇట్లా పాతచీర కట్టుకుని రావాల్సిన పని లేదమ్మా. ఆ రోజు మీరే చెప్పారు కదా కొదవ లేదని. నిజంగా లేనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ నోటి ముందరిది మీరు అడగొచ్చా?"

ఇదే నేను రోజూ కట్టే చీర, అది ఆ ఒక్క రోజు కోసం కొన్నది అని చెప్పాలనుకుంది రామాంజినమ్మ. మేకల సంగతి చెప్పాలనుకుంది. నమ్మదని తెలిసిపోయింది. ఒంటి మీది నిజమైన చీరను వేషం అనుకున్న మనిషికి ఇంకేం చెప్పి నమ్మించాలి? "తప్పయింది మేడమ్," అని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఇంటికి పోయి సీట్లు నిండిపోయాయట అని మాత్రం చెప్పింది.

ఆ ఏడే పుష్పావతి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో దారాలు కత్తిరించే పనికి కుదిరింది. రెండేళ్ళకు మిషను మీద కూర్చుంది. నీలం రంగు గోళ్ళలోకి ఎక్కి, ఎంత తోమినా పోయేది కాదు. నర్సు చదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రామాంజినమ్మ మాత్రం మారిపోయింది. పెళ్ళిళ్ళకు పిలిచినా పోలేదు. పోక తప్పని చోటికి ఇంటిచీరతోనే పోయి, ఒక మూల కూర్చుని వచ్చేసేది. సంతలో చీర అంచు రుద్దడం కూడా మానేసింది.

ఏడేళ్ళు గడిచాయి. ఒక ఉగాదికి పుష్పావతి జీతం డబ్బులతో చీర తెచ్చింది. తల్లి దాన్ని విప్పనైనా విప్పకపోతే ఆ పిల్లకు కోపం వచ్చింది.

"ఏమిటికిమా ఇట్లయితివి? నేను తెచ్చింది కట్టకూడదా?"

అప్పుడు రామాంజినమ్మ అన్నీ చెప్పింది. చేను నుంచి అలాగే పోవడం, మేడమ్ అన్న మాట, మెట్ల మీద ఏడవడం. "నీ చదువు నేనే పోగొడ్తినే. నా నోటితో నేనే," అంది.

పుష్పావతి తెచ్చిన చీరను పక్కకు జరిపింది. తల వంచుకుని చెప్పింది.

"నువ్వు వేలిముద్ర వేసేకి పక్కకు పొయినప్పుడు ఆయమ్మ నన్ను గూడా అడిగిందిమా. ఇంట్లో ఇబ్బందేమన్నా ఉంటే చెప్పు పాపా, అనె. నేను ఏమీ లేదు మేడమ్ అంటి."

"అయ్యో, ఏమిటికే అట్లంటివి?"

"నువ్వు అప్పుడే కొదవ లేదని చెప్పుంటివి. నిన్ను అబద్ధాలదాన్ని చేసేదెట్ల? అది గాక..." పుష్పావతి గోళ్ళలోని నీలాన్ని గీక్కుంటూ అంది. "మేము లేనోళ్ళము అని చెప్పేకి నాకు గూడా సిగ్గయిందిమా."

ఏడేళ్ళూ రామాంజినమ్మ ఆ తప్పు తనొక్కదానిదే అనుకుని మోసింది. బిడ్డ కూడా అదే గదిలో నోరు మూసుకుని చేతికందిన సీటును వదులుకుందని, ఆ సిగ్గు బిడ్డకు చిన్నప్పటి నుంచీ నేర్పింది తానేనని ఆమెకు ఇప్పుడు తెలిసింది. కూతురి నీలం పట్టిన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, "నాకు చెప్పకపోయినా బాగుండు తల్లీ," అని భోరుమంది. పుష్పావతి ఊరుకోమని అనలేదు. తనూ ఏడ్చింది.