మాస్టారు తీసేసిన పేజీ

మా లెక్కల మాస్టారు పోయారని మొన్న పొద్దున్నే ఆకివీడు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య. "మీ పేరు ఆయన ఎత్తేవారు కాదమ్మా. అందుకే మీకు చెప్పాలనిపించింది" అన్నారావిడ. కొన్నేళ్లుగా నేనూ ఆయన పేరు ఎత్తలేదు.

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను సోషల్ టీచరుగా చేరేనాటికి ఆయన అక్కడ అందరికన్నా సీనియర్. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. తొమ్మిదో తరగతికి వెబ్‌సైట్ పెడదామనుకున్నప్పుడు నేను నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబోతే, ఆపి నల్లబల్ల దగ్గరికి తీసుకెళ్లారు. సుద్దముక్కతో గళ్లు గీశారు.

"ఇది మొదటి పేజీ అండీ. ఇక్కణ్ణుంచి పిల్లలు ఎటెళ్తారు, మళ్లీ ఎలా వెనక్కొస్తారు? ఇల్లు కట్టేవాడు గుమ్మాలు ముందే చూసుకుంటాడు కదండీ."

హోంవర్కుకి ఒక గడి, పరీక్షల తేదీలకి ఒకటి. పిల్లల రాతలకి అన్నిటికన్నా పెద్దది గీసి, అది నా బాధ్యత అన్నారు.

ఉచితంగా చోటిచ్చే ఏదో విదేశీ సైటులో పెట్టాం. పైన ఎవరివో ప్రకటనలు మెరుస్తుండేవి. తెలుగు టైపు చేస్తే అవతలి కంప్యూటర్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. అందుకని పిల్లల చేతిరాతనే స్కాన్ చేయించేవాళ్లం. ఇంటర్నెట్ సెంటర్లో ఒక్కో కాగితం సైటులోకి ఎక్కేలోగా ఆయన జేబులోంచి వేయించిన శనగలు తీసి నా చేతిలో పోసేవారు. ఒకసారి ఒక పిల్లవాడి రాతలో తప్పులు దిద్దబోయాను.

"వాణ్ణి అడక్కుండా అక్షరం ముట్టుకోవద్దమ్మా. రాసింది వాడు" అన్నారు. ఇప్పటికీ నేను పిల్లల్ని అడిగే దిద్దుతాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన ఏడాది, సువార్త అనే అమ్మాయి మా తరగతిలో ఉండేది. వాళ్లది కొల్లేటి లంక గ్రామం, ఇక్కడ హాస్టల్లో ఉండి చదివేది. తమ ఊరి చెరువు గురించి రాసింది. గట్లు కొట్టే మిషన్లు వస్తాయని లీజుదారుడికి ముందే తెలుసనీ, చేపలన్నీ రాత్రికి రాత్రే పట్టించి తీసుకుపోయి ఊళ్లో ఎవరికీ చెప్పలేదనీ రాసింది. "మా నాన్న ఆ రోజు కూడా మేత చల్లడానికి వెళ్లాడు" అన్నది చివరి వాక్యం. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. తన చేత్తోనే దాన్ని సైటులో పెట్టారు.

వారం తిరక్కుండా ఆ పేజీ కనిపించలేదు. పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. ఆ సైటువాళ్ల లోపమేదో అనుకుని ఆయన దగ్గరికే పరిగెత్తాను.

"నేనే తీశానండీ" అన్నారు. "ఆ లీజుదారు మన స్కూలు కమిటీలో ఉన్నారు. అది ఉంటే సైటే ఉండదన్నారు. మిగతా పిల్లల రాతలైనా మిగులుతాయని..."

"నన్నొక మాట అడగొచ్చు కదండీ."

"అడిగితే మీరు ఒప్పుకోరమ్మా."

"సువార్తనైనా అడిగారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ అమ్మాయికి నేనే చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "మీరు కూడా తీసెయ్యమన్నారా టీచర్?" అంది. లేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు. మళ్లీ ఏమీ రాసివ్వలేదు.

మిగతా రాతలూ మిగల్లేదు. ఏడాది తిరిగేసరికి వాటి చోట ర్యాంకుల ఫోటోలు, కమిటీవారి సందేశాలు వచ్చాయి. నేను ఏలూరు వచ్చేశాను. భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ చాలాసార్లు భయపడ్డాను. కానీ ఆయన నాకు చెప్పకుండా చేశారు. అది ఇవాళ్టికీ మింగుడుపడలేదు.

చివరిసారి ఆయన్ని చూసింది ఏలూరు బస్టాండులో. నన్ను చూసి స్టాండు ఆ చివర నుంచి ఎండలో నడిచొచ్చారు.

"బాగున్నారా అమ్మా?"

"బాగున్నానండీ" అని బస్సెక్కేశాను. బస్సు కదల్లేదు. ఆయన వెళ్లిపోలేదు. నా కిటికీ కింద నిలబడి, ఊచ మీద చెయ్యి వేసి, నాలాగే తనూ ఖాళీ డ్రైవరు సీటు వైపు చూస్తూ ఉండిపోయారు. డ్రైవరొచ్చి బస్సు వెనక్కి తీస్తుంటే, ఊచ మీద చెయ్యి తియ్యకుండానే బస్సుతో పాటు రెండడుగులు నడిచి, అప్పుడు వదిలారు.